ఒక్క చుక్కలో ఇద్దరు

కాలేజీ దరఖాస్తులకు ఆ రోజే ఆఖరు. చుక్కల మేడం ఇంకా సంచి బల్ల మీద పెట్టనైనా లేదు, ఒక పిల్ల వచ్చి ఎదురుగా నిలబడి తాను లేనని చెప్పింది.

"నేను లేనంట మేడం. కంప్యూటరు చెప్తోంది."

ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయిందన్నంత మామూలుగా చెప్పిందా మాట.

మేడం గది తలుపు మీద ఆవిడ ఉద్యోగం పేరు బారెడు పొడుగున రాసి ఉంటుంది. విద్యార్థుల ప్రగతి సమాచార సమన్వయకర్త. అంత పేరు పలికే ఓపిక బళ్లో ఎవరికీ లేదు. ఆవిడ ముందున్న తెర మీద పై తరగతి పిల్లలంతా చుక్కలుగా కనిపిస్తారు. హాజరు, మార్కులు, కాలేజీ దరఖాస్తు మూడూ సరిగ్గా ఉంటే పచ్చ చుక్క. ఏదైనా జారుతుంటే పసుపు. జారి కింద పడితే ఎరుపు. ఎర్ర చుక్క కనబడగానే ఆ ఇంటికి ఫోన్ చేయడం, రమ్మనడం, రాకపోతే తానే వెళ్లడం ఆవిడ పని. "అందరూ పగలే చుక్కలు చూపిస్తారు, ఈవిడ జీతం తీసుకుని చూపిస్తుంది" అని బీ సెక్షను లెక్కల మాస్టారు ఒకసారి ఎగతాళి చేశాడు. ఆ మాట బడంతా పాకి, చుక్కల మేడం అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆవిడ నొచ్చుకోలేదు. వాళ్లింట్లో ఆవిడ కంటే వాళ్లక్క బాగా చదివేది. దరఖాస్తుకు ఆఖరి తేదీ అనేది ఒకటి ఉంటుందని చెప్పే దిక్కు లేక, అది దాటిపోయాక వెళ్లి, కాలేజీ గేటు చూసి తిరిగొచ్చింది. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ చెల్లెలికి దక్కింది. ఇప్పటికీ అక్క నవ్వుతూనే, "గేటు మాత్రం చాలా బాగుంది" అంటుంది. ఆ నవ్వు గుర్తున్నంత కాలం ఎవరే పేరు పెట్టినా మేడం చుక్కలు లెక్కపెడుతూనే ఉంటుంది.

వచ్చిన పిల్ల కవలల్లో రెండోది. ముందు పుట్టినదాన్ని ఇంట్లో ముందుది అనీ, దీన్ని వెనకది అనీ పిలుస్తారు. టీచర్లకూ అవే పేర్లు అలవాటయ్యాయి. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే ఎవరి మార్కు ఎవరికి వేస్తున్నామో తెలియడం లేదని ముందుదాన్ని ఏ సెక్షనులో, వెనకదాన్ని బీ సెక్షనులో పడేశారు. మొన్న అక్క దరఖాస్తు పెడితే కంప్యూటరు తీసుకుంది. ఇవాళ పొద్దున్నే ఇంటి దగ్గర తాను పెట్టబోతే, ఈ విద్యార్థిని దరఖాస్తు ఇదివరకే అందింది అంటోంది.

మేడం తెర తెరిచి వెతికింది. ఆ ఇంటిపేరుతో, ఆ చిరునామాతో ఉన్నది ఒకటే చుక్క. ముందుదాని ఫొటో. పచ్చగా, నిగనిగలాడుతూ, బడి మొత్తానికి పైన.

"కూర్చో. ఇప్పుడే కనుక్కుంటాను."

"పోనీలెండి మేడం," అంది వెనకది. "క్లాసుకి టైమవుతోంది."

అంత తేలిగ్గా పోనీలెమ్మన్నందుకు ఆ పిల్లని రెండు మాటలు అడిగి ఉండాల్సింది. కానీ మేడం చెవిలో అప్పటికే కేంద్ర కార్యాలయం ఫోన్ సంగీతం వాయిస్తోంది.

సంగీతం అయ్యాక ఒక కుర్రగొంతు పలికింది. మర్యాదకు లోటు లేదు. సంవత్సరం మొదట్లో వాళ్లు సమాచార శుభ్రత కార్యక్రమం చేపట్టారట. ఒకే పిల్ల పేరు రెండుసార్లు ఎక్కిన చోటల్లా రెంటినీ కలిపేశారట. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు, ఒకే పుట్టినరోజు, పేర్లలో మొదటి అక్షరం కూడా ఒకటే అయితే అది ఒకే మనిషి అని యంత్రం తేలుస్తుందట. కలిపేటప్పుడు ఏ రోజు హాజరులో తేడా వస్తే, మార్కుల్లో తేడా వస్తే, రెంటిలో మెరుగైనది ఉంచుతుందట. పిల్లల మేలు కోరి.

వాళ్లు కవలలు నాయనా అంది మేడం.

అవతల కాసేపు మీటలు నొక్కుతున్న చప్పుడు.

"కవలలు అని మా దగ్గర పెట్టె లేదండి."

మరేం చెయ్యాలని అడిగితే, ఆ విద్యార్థిని తన నంబరుతో లోపలికి వెళ్లి అర్జీ పెట్టుకోవాలన్నాడు. నంబరు లేకపోవడమే అర్జీ కదా అంది మేడం. నంబరు లేనివాళ్ల అర్జీ తీసుకోవడానికి వీల్లేదన్నాడు. గోడకి చెప్పుకున్నా కొంత నయం, గోడ తిరిగి ధన్యవాదాలు చెప్పదు. పట్టు వదలకుండా అడిగితే చివరికి ఒక దారి చెప్పాడు. ప్రధానోపాధ్యాయుడు తన పాస్‌వర్డుతో వెళ్లి, వీరు ఒకరు కారు అన్న మీట నొక్కాలి. దానికి ఇద్దరి రోజువారీ హాజరూ విడివిడిగా జతచేయాలి. అప్పటికప్పుడే వేరవుతారు.

పెద్దసారు గదిలో నేల మీద ఒక గుడ్డ బ్యానరు పరిచి ఉంది. ఈ ఏటి మేటి విద్యార్థిని అని అడుగెత్తు అక్షరాలు, వాటి పక్కన ముందుదాని ఫొటో. మర్నాడు పై అధికారి వస్తున్నాడు. బళ్లో హాజరు ఎలా పెరిగిందో, ఎంతమంది కాలేజీకి వెళ్తున్నారో తెర మీద చూసి, అందరికంటే పైనున్న పిల్లకి జ్ఞాపిక ఇస్తాడు. పెద్దసారు బ్యానరు చుట్టూ తిరుగుతూ మూలలు సర్దుతున్నాడు.

మేడం విషయం చెప్పింది. ఆయన విన్నాడు. విన్నంతసేపూ ఫొటో వైపే చూశాడు.

"మనకున్న చుక్కల్లో చెప్పుకోదగ్గది అదొక్కటే మేడం. దాన్ని కూడా గీకి చూడాలా?"

అది ఒక చుక్క కాదు, ఇద్దరు పిల్లలు అంది మేడం. కాదనడం లేదన్నాడు ఆయన. అధికారి వచ్చి వెళ్లాక ఇద్దర్ని చేసినా, నలుగుర్ని చేసినా తనకి అభ్యంతరం లేదన్నాడు. దరఖాస్తుకు ఇవాళే ఆఖరు అని ఆవిడ గుర్తుచేస్తే, ముందు హాజరు పట్టుకు రండి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఆయన భాషలో వెళ్లిరండి అని అర్థం.

వెళ్లింది. కాగితం రిజిస్టర్లు ఎత్తేశాక టీచర్లంతా హాజరు ఫోన్లలోనే వేస్తున్నారు. యంత్రం కలిపి వండకముందు వాళ్లు వేసిన పచ్చి హాజరు ఎవరి ఫోన్లో వాళ్లకి ఉంటుంది. ఏ సెక్షను టీచరమ్మ దగ్గర ముందుదాని హాజరు తీసుకుంది. బీ సెక్షను లెక్కల మాస్టారి దగ్గర వెనకదాని హాజరు తీసుకుంది. రెంటినీ తెర మీద పక్కపక్కన పెట్టింది.

ఏ సెక్షనులో పిల్ల వచ్చిన రోజు బీ సెక్షనులో రాలేదు. బీలో వచ్చిన రోజు ఏలో రాలేదు. గిలకకు కట్టిన రెండు బొక్కెనల్లాగ ఒకటి పైకొస్తే ఒకటి కిందికి. పరీక్ష రోజుల్లో మాత్రం ఇద్దరూ ఉన్నారు, ఇద్దరికీ మంచి మార్కులే. మిగతా ఏడాదంతా ఇద్దరూ కలిసి ఒక కుర్చీ అరగదీశారు.

మేడం తల పట్టుకుంది. లెక్కల మాస్టారు వెనక నుంచి తొంగిచూసి, రోజు విడిచి రోజు వస్తుందని తనకి తెలుసన్నాడు.

"తెలిస్తే చెప్పరేం మాస్టారూ?"

"చెబుదామనే తెర తీశా. పచ్చగా కనబడింది. మీరు పచ్చంటే మాకూ పచ్చే కదా."

నిజమే, ఏడాదంతా ఆవిడ ఎర్ర చుక్కల వెంట పడి ఊరంతా తిరిగింది. గుమ్మాల్లో కుక్కల చేత మొరిగించుకుంది, మా పిల్లవాడి సంగతి మీకెందుకని తిట్టించుకుంది. పచ్చ చుక్కల వంక చూడలేదు. బాగున్నవాళ్లని పలకరించే తీరిక ఎవరికుంటుంది? విడివిడిగా ఉంటే ఈ ఇద్దరూ ఏడాది మొదట్లోనే ఎర్రబడి, ఈపాటికి ఆవిడ ఆ ఇంటికి పదిసార్లు వెళ్లి ఉండేది. కలిపేసరికి పండిన పంటలా కనిపించారు.

వెనకదాన్ని పిలిపించింది.

"ఇవాళ నీ వంతా?"

"అవును మేడం," అనేసి, ఆ పిల్ల నాలిక కరుచుకుంది.

వాళ్ల దుకాణం బడికి రెండు వీధుల అవతల. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తారు. లోపల ఆవిరి, సబ్బు వాసన, తీగల మీద ఎవరెవరివో చొక్కాలు. ముందుది ఒక చొక్కా మెడపట్టీ మీద పెట్టె తోస్తోంది. తల్లి ఎడమ చేత్తో బట్టలు మడుస్తోంది. కిందటి వేసవిలో మెట్ల మీద జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గాని పట్టు రాలేదు. ఇస్త్రీపెట్టె ఎత్తితే చెయ్యి వణుకుతుంది.

చెల్లెలి వెనకే మేడం రావడం చూసి ముందుది పెట్టె నిలబెట్టేసింది. తల్లి మాత్రం నవ్వుతూ స్టూలు తుడిచి వేసింది.

"ఇద్దరూ బాగానే చదువుతున్నారు కదమ్మా? ఒకరోజు ఏ సెక్షను, ఒకరోజు బీ సెక్షను అయిపోయింది గాని. గదులు చాలవంటగా. అదీ మంచికే అయిందిలెండి, ఎప్పుడూ ఒకళ్లు నా దగ్గరుంటున్నారు."

మేడం పిల్లల వైపు చూసింది. పిల్లలు చొక్కా వైపు చూశారు. ఆ చొక్కాకి అంత గౌరవం ఎన్నడూ దక్కి ఉండదు.

చెప్పక తప్పలేదు. బడి రోజూ ఉంటుందనీ, రెండు సెక్షన్లకీ ఉంటుందనీ మేడం చెప్పింది. తల్లి చేతిలోని తువ్వాలు మడత సగంలో ఆగింది. ఆమె గొంతు పెంచలేదు. ఒకదాన్ని చూసింది, తర్వాత రెండోదాన్ని చూసింది.

"చెయ్యి విరిగితే చెయ్యి ఒక్కటే విరిగిందనుకున్నానే. మీ చదువు కూడా అందులో పెట్టి కట్టేశారా?"

చదువేమీ ఆగలేదని ముందుది సర్దిచెప్పబోయింది. ఒకరు విన్న పాఠం ఇంకొకరికి చెప్పుకుంటారట. లెక్కలు తాను చెబుతుందట, భాష చెల్లెలు చెబుతుందట. అందుకే పరీక్షల్లో ఇద్దరికీ వచ్చిందట. మేడం వింటూనే ఉంది. వింటున్నకొద్దీ ఆవిడకి ముచ్చట వేసింది, ఆ వెంటే ఒళ్లూ మండింది.

అసలు సంగతి ఇంకా ఉంది. కంప్యూటరు ఒకరే అంటోందని పొద్దున తెలిసినప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారట. ఎలాగూ ఒకరు దుకాణంలో ఉండాలి. ఒకరే వెళ్లాలని రాసి ఉంటే ఒకరే వెళ్తారు. గొడవల్లా ఎవరన్నదే.

"దాన్ని పంపండి మేడం," అంది ముందుది. "నా నంబరు వాడుకోనివ్వండి. మొహం ఒకటే కదా."

"దరఖాస్తు దానిది, ఫొటో దానిది," అంది వెనకది. "అదే వెళ్లాలి. నేను లేను కదా అసలు."

"లేకపోతే నా నెత్తి మీద నిలబడి వాదిస్తున్నది ఎవరే?"

"చాలు," అంది మేడం. "మీరిద్దరూ కలిసి ఒక మనిషి కాదు. ఆ యంత్రానికి తెలియదు, సరే, దానికి అమ్మా అక్కా లేరు. మీకేమొచ్చింది? ఏ కాలేజీలోనూ రోజు మార్చి రోజు వచ్చే ఇద్దరికి కలిపి ఒక సీటివ్వరు."

తర్వాత తల్లికి విడమరిచి చెప్పింది. ఇద్దర్నీ వేరు చేస్తే ఇద్దరి హాజరూ సగమే. ముప్పావు హాజరు లేనిదే కాలేజీ దరఖాస్తు తీసుకోదు, పెద్దసారు ప్రత్యేక కారణం రాసి ఒప్పుకుంటే తప్ప. పచ్చ చుక్క పోయి రెండు ఎర్ర చుక్కలు వస్తాయి. బడి పేరు కొంచెం తగ్గుతుంది.

"ఎర్రబడితే ఏమవుతుందమ్మా?"

"మేం ఇంటికి ఫోన్ చేస్తాం."

"మరి ఏడాదంతా ఎందుకు చెయ్యలేదు?"

"పచ్చగా ఉన్నారు కనక."

తల్లికి ఆ మాట మింగుడుపడినట్టు లేదు. తువ్వాలు పక్కన పెట్టి, ఇస్త్రీపెట్టె తీగ ఊడబీకి, దుకాణం తలుపులు లాగమని పిల్లలకి సైగ చేసింది. సాయంత్రం చొక్కా తీసుకెళ్లడానికి ఎవరో వస్తారని ముందుది గుర్తుచేసింది.

"మడతలతో తొడుక్కుంటాడు. ఇస్త్రీ లేక ఎవరూ చావరు. నడు."

పెద్దసారు బ్యానరును అప్పుడే గోడకి కట్టించాడు. నలుగురు ఆడవాళ్లు వరసగా లోపలికి రావడం చూసి, వచ్చిన పనేంటో ఆయనకి అర్థమైపోయింది. తల్లి నేరుగా బ్యానరు ముందుకెళ్లి నిలబడింది.

"ఇది నువ్వేనటే?"

"ఫొటో నాది," అంది ముందుది. "మిగతాది సగం దానిది."

పెద్దసారు నీరసంగా కుర్చీలో కూలబడ్డాడు. తానేమీ పిల్లల పొట్ట కొట్టేవాడిని కాదనీ, పోయినేడు హాజరు తక్కువుందని అధికారి అందరి ముందూ తనని నిలదీశాడనీ, ఈ ఒక్క రోజు గడిస్తే చాలనుకున్నాననీ చెప్పుకొచ్చాడు. మేడంకి ఆయన మీద జాలి కలిగిన మాట నిజమే. కానీ గోడగడియారం జాలిపడి ఆగదు కదా.

"సార్, రేపు ఆయనొస్తారు. వేదిక మీదికి ఒక పిల్లని పిలుస్తారు. ఆ పిల్ల లేచి వెళ్తుంది. అదే మొహంతో ఇంకో పిల్ల మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొడుతుంటుంది. ఆయనకి కళ్లున్నాయి కదా సార్. అప్పుడేం చెప్తారు?"

పెద్దసారు ముందుదాన్ని చూశాడు, వెనకదాన్ని చూశాడు, బ్యానరుని చూశాడు.

"రెండోదాన్ని ఆ పూట ఇంట్లో..." అని మొదలుపెట్టి, తల్లి మొహం చూసి మిగతాది మింగేశాడు.

ఏడాదంతా ఇంట్లోనే ఉంచుకుంది సార్ అని మేడం అనబోయి మానుకుంది. అనాల్సిన పని లేకపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కంప్యూటరు తన వైపు తిప్పుకున్నాడు.

అప్పుడు పాస్‌వర్డు గుర్తురాలేదు. మొదటిసారి కొట్టింది తప్పన్నది. రెండోది కూడా తప్పే. మూడోది తప్పితే తలుపు మూసేస్తానని యంత్రం బెదిరించింది. మేడం తలప్రాణం తోకకొచ్చింది. పొద్దుట్నుంచి ఇంత దూరం నెట్టుకొచ్చి, చివరికి ఈ పెద్దమనిషి మతిమరుపు దగ్గర పిల్లల బతుకులు ఆగిపోతాయా? మీరైనా గుర్తుపెట్టుకోలేదా అని ఆయన ఆవిడనే విసుక్కున్నాడు. మీ రహస్యం నాకెలా తెలుస్తుంది సార్ అని ఆవిడా విసుక్కుంది. ఆఖరికి తల్లి, ఇంట్లో మీకు ముద్దొచ్చేవాళ్లెవరు సార్ అని అడిగింది. ఆయన మొహం విప్పారింది. మనవరాలి ముద్దుపేరు కొట్టాడు. తలుపు తెరుచుకుంది.

హాజరు జతచేశారు. వీరు ఒకరు కారు. నొక్కాడు. ప్రత్యేక కారణం దగ్గర మళ్లీ ఆగింది. కుటుంబంలో అనారోగ్యం, ఊరు మారడం, వరద, అగ్నిప్రమాదం, ఇతరం. ఏది నొక్కమంటారని పెద్దసారు అడిగితే, తల్లి కుడిచెయ్యి ఎత్తి చూపించింది. అది గాల్లో సన్నగా వణుకుతోంది. ఆయన మొదటిదే ఎంచి, కింద తన పేరు కొట్టాడు, ఇద్దరికీ విడివిడిగా.

తెర మీద బడికంతటికీ పైనున్న పచ్చ చుక్క ఆరిపోయింది. బాగా కింద, ఒకదాని పక్కన ఒకటి, రెండు ఎర్ర చుక్కలు వెలిగాయి.

వెనకది కొత్త నంబరుతో దరఖాస్తు పెట్టింది. ముందుది తన దరఖాస్తులో హాజరు సరిచేసి మళ్లీ పంపింది. చక్రం తిరిగి తిరిగి, ఇక రాదనుకున్నప్పుడు, అందింది అని వచ్చింది. ఒకసారి. ఇంకోసారి. సీటు రావడం రాకపోవడం ఇక వాళ్ల మార్కులు చూసుకుంటాయి. ఆఖరి తేదీ మాత్రం ఈ ఇంటి గుమ్మం తొక్కకుండా పోయింది. చుక్కల మేడం కుర్చీలో వెనక్కి వాలి, పొద్దుట తెచ్చుకున్న సంచి ఇంకా భుజానే ఉందని అప్పుడు చూసుకుంది.

పెద్దసారు గోడ వైపు చెయ్యి చూపించాడు.

"దీన్నేం చెయ్యను?"

తల్లి బ్యానరు అంచు పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి చూసింది.

"గుడ్డ గట్టిదే సార్. మీకు పనికిరాకపోతే ఇవ్వండి, దుకాణం ముందు ఎండకి కట్టుకుంటాం."

మర్నాడు అధికారి వచ్చాడు, లెక్కలు చూశాడు, పెదవి విరిచాడు. హాజరు తగ్గిందేమని అడిగాడు. తగ్గలేదండి, నిజమైందండి అని పెద్దసారు అన్నాడట. తాను నేర్పిన మాట కాదని మేడం ఒట్టేసి చెబుతుంది.

తర్వాత ఆవిడకి పని రెట్టింపయింది. ఎర్ర చుక్కలతో పాటు పచ్చ చుక్కల ఇళ్లకీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. మీ పిల్ల బాగానే ఉంది, ఊరికే చేశాను అంటే తల్లిదండ్రులు హడలిపోతున్నారు. బాగుంటే ఎందుకు చేస్తారు, నిజం చెప్పండి మేడం అంటున్నారు. ఆ వారంలోనే ఇస్త్రీ దుకాణం నుంచి కూడా ఫోనొచ్చింది. పిల్లల హాజరు తక్కువుందని హెచ్చరిక వచ్చిందట, ఒకటి కాదు, రెండు. తల్లి గొంతులో గర్వం దాగడం లేదు. ఇద్దరూ బడికెళ్లారనీ, దుకాణం మధ్యాహ్నం నుంచే తెరుస్తున్నాననీ చెప్పింది.

ఫోన్ పెట్టేసి మేడం తెర వైపు తిరిగింది. కేంద్ర కార్యాలయం నుంచి కొత్త సందేశం మెరుస్తోంది. సమాచార శుభ్రతలో భాగంగా, మీ బళ్లో ఒకే విద్యార్థిని పేరు రెండుసార్లు నమోదైనట్టు గుర్తించాం. కలిపేయమంటారా?

వద్దు అని నొక్కింది.

నిజంగా వద్దా?

ఆవిడ మళ్లీ వద్దు అని నొక్కింది. కారణం ఒక్క మాటలో రాయమంది.

ఇద్దరు అని రాసింది.